ప్రమాదం ఎవరి తప్పు? డెల్టా ఊళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

రైస్ మిల్లుల్లో, ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల చెరువుల దగ్గర, అప్పుడప్పుడు పంచాయతీ ఆఫీసుల్లో భద్రత గురించి మాట్లాడటం నా పని. రావులపాలెం వెళ్లినా నరసాపురం వెళ్లినా సగం ప్రశ్నలు అవే ఉంటాయి. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడ చూసుకోండి.

## మొదట్లో వచ్చే సందేహాలు

ప్రమాదం జరిగిందంటే ఎవరో ఒకరి తప్పు ఉండే ఉంటుంది కదండీ. అది తేలిస్తే సరిపోదా?

తప్పు ఉండొచ్చు. కానీ అది తేలగానే వెతకడం ఆపేస్తాం, ఇబ్బంది అక్కడే వస్తుంది.

దాళ్వా (రబీ) కోతల రోజులు గుర్తు చేసుకోండి. రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం, దాని మీద నల్ల బరకం, బరకం ఎగిరిపోకుండా అంచున రాళ్లు. రాత్రి తొమ్మిదింటికి ఎదురుగా లారీ లైట్లు కళ్లలో పడతాయి, బండి రాయెక్కుతుంది, మనిషి పోతాడు. బండివాడు స్పీడుగా వచ్చాడని కొందరంటారు, రోడ్డు మీద ధాన్యం పోసిన రైతుదే తప్పని కొందరంటారు. మరుసటి ఏడాది అదే రోడ్డు మీద మరో రైతు ధాన్యం పోస్తాడు, మరో కుర్రాడు పడతాడు.

రైతు రోడ్డెక్కింది ఎందుకని అడిగితే కథ పొడుగవుతుంది. పూర్వం చేత్తో కోసి, పనలు చేలోనే ఆరాక కుప్ప వేసి నూర్చేవారు. నూర్చేసరికే గింజ చాలావరకు ఆరిపోయేది. ఇప్పుడు మిషను గంటలో ఎకరం కోసి పచ్చి గింజ చేతిలో పెడుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. కళ్లాలు ఉండే స్థలాలు ఇళ్లయ్యాయి, చెరువులయ్యాయి. మిగిలింది వేడిగా, చదునుగా, ఉచితంగా దొరికే రోడ్డు. సంచులు రావడం ఆలస్యమైతే, లారీ రాకపోతే, మధ్యాహ్నానికి ఆరిన ధాన్యం కూడా రాత్రంతా అక్కడే ఉంటుంది. మిషను అద్దె, తేమ రూలు, పోయిన కళ్లం, రాని సంచి, వెలగని వీధిదీపం, ఇవన్నీ కలిస్తే ఆ రాయి ఆ రాత్రి అక్కడ ఉంది. రైతు పేరు మార్చి చూడండి, కుర్రాడి పేరు మార్చి చూడండి. ప్రమాదం మారదు.

సిస్టమ్స్ థింకింగ్ అంటే ఏంటి? అర్థమయ్యేలా ఒక్క ముక్కలో చెప్పండి.

చివర్లో ఉన్న మనిషి ఏం చేశాడన్నది ఒక్కటే చూడకుండా, అతను అలా చేయడమే తేలికయ్యేలా, లాభమయ్యేలా, కొన్నిసార్లు తప్పనిసరయ్యేలా చేసిన ఏర్పాట్లన్నిటినీ కలిపి చూడటం. డెన్మార్క్ ఇంజనీరు యెన్స్ రాస్ముసెన్ 1997లో దీన్ని మెట్లుగా గీసి చూపించాడు. పైన ప్రభుత్వం, దాని కింద తనిఖీ చేసే శాఖలు, కంపెనీ, మేనేజరు, కార్మికుడు, అట్టడుగున పని జరిగే చోటు. నిర్ణయాలు పై నుంచి కిందకి వస్తాయి. కింద ఏం జరుగుతోందో ఆ సమాచారం పైకి వెళ్లాలి. మన దగ్గర రెండోది తక్కువ.

ఇదంతా తప్పు చేసినవాళ్లని వదిలేయడానికి చెప్పే కబుర్లలా ఉందే?

తాగి బస్సు నడిపినవాడిని, డబ్బు మిగుల్చుకోవడానికి మిషను గార్డు (చెయ్యి పడకుండా అడ్డుండే కవరు) తెలిసి తీయించిన ఓనరుని వదలమని ఎవరూ అనలేదు. పోలీసు కేసు దాని దారిన అది నడుస్తుంది. నేను చెప్పేది మిగతా వందల కేసుల గురించి.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. అంతే అనుభవం ఉన్న ఇంకో మనిషిని అదే షిఫ్టులో, అదే మిషను ముందు, అదే తొందరలో నిలబెడితే అతనూ అలాగే చేసేవాడా? చేసేవాడే అనిపిస్తే మొదటివాడిని ఉద్యోగంలోంచి తీసేసి మీరు సాధించేది ఏమీ లేదు. పైగా మిగిలినవాళ్లు ఈసారి చిన్న దెబ్బ తగిలినా చెప్పకుండా దాచుకోవడం నేర్చుకుంటారు.

నూటికి 88 ప్రమాదాలు మనిషి తప్పు వల్లే అని ట్రైనింగులో చెప్పారు. అది అబద్ధమా?

ఆ అంకె 1931 నాటిది. అమెరికాలో ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసిన హైన్రిక్ అనే ఆయన లెక్క. ఆయన ఆధారపడ్డ రిపోర్టులు రాసింది ఎక్కువగా సూపర్‌వైజర్లు, యజమానులు. తమ మిల్లు మెట్లు సరిగ్గా లేవని తామే రాసుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? చివరి చెయ్యి ఎవరిదని అడిగితే ఎప్పుడూ ఒక మనిషి చెయ్యే దొరుకుతుంది. ఆ లెక్కలోంచి అంతకుమించి ఏమీ రాదు. దాదాపు వందేళ్ల తర్వాత కూడా గోడ మీద చార్టులో దాన్ని చూస్తే నాకు విసుగొస్తుంది.

రాసిపెట్టి ఉంటే జరుగుతుంది. మనం ఆపగలమా?

పెద్దవాళ్లు ఇలా అంటే నేను వాదించను. ఒక్కటే అడుగుతాను: ఆ కాలువ గట్టు మలుపులోనే మూడుసార్లు ఎందుకు రాసిపెట్టి ఉంది? మన కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావో తీవ్ర గాయమో అయిన ప్రమాదాలు 5 జరిగినా, మొత్తం 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. మలుపులో అమ్మవారికి గుడి కట్టారు, మంచిదే. రెయిలింగు కూడా అడగండి.

## ముందు జాగ్రత్త దశలో

మా ప్లాంటులో ఒకదాని మీద ఒకటి నాలుగు భద్రతా ఏర్పాట్లున్నాయి. ఇంకా భయమెందుకు?

తాటాకిల్లు కప్పడం చూశారు కదా. ఏ ఆకుకైనా సందులుంటాయి. పొర మీద పొర వేస్తే ఒకదాని సందు మీద ఇంకో ఆకు పడుతుంది, వాన ఆగుతుంది. ఏదో ఒక రోజు సందులన్నీ ఒకే గీతలోకి వస్తే చుక్క నేరుగా మంచం మీద పడుతుంది. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ దీన్నే చిల్లులున్న జున్ను ముక్కలతో చెప్పాడు. మనకి తాటాకే నయం.

అయితే ఈ పోలికలో ఒక మోసం ఉంది. సందులు వాటంతట అవి విడివిడిగా పడతాయని అనిపిస్తుంది. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు నిలవున్న ట్యాంకుని చల్లబరచే యూనిట్ ఆపేసి ఉంది. గ్యాసుని కాల్చేసే టవర్ మరమ్మతులో ఉంది. గ్యాసుని కడిగే స్క్రబ్బరు అంత గ్యాసుకి చాలలేదు. నష్టాల్లో ఉన్న ఫ్యాక్టరీలో ఖర్చు తగ్గించే చెయ్యి పొర తర్వాత పొరని తడుముకుంటూ పోయింది. మీ నాలుగు ఏర్పాట్ల మరమ్మతు బిల్లూ ఒకే బడ్జెట్‌లోంచి వస్తుంటే, మీకున్నది నాలుగు పొరలు కాదు.

పదేళ్లుగా ఇలాగే చేస్తున్నాం, ఏమీ కాలేదు. ఇప్పుడెందుకు మార్చాలి?

పదేళ్ల కిందట ఇలాగే చేశారా? బాగా గుర్తు చేసుకోండి.

రేవులో పంటు (మనుషుల్ని, బండ్లని ఏరు దాటించే పడవ) సంగతి చూద్దాం. రేవు పాటలో ఎక్కువకి పాడుకున్న పాటదారు ఆ డబ్బు రాబట్టుకోవాలి. అవతలి గట్టున కాలేజీ బస్సు వెళ్లిపోతుందని పిల్లలు తొందర పెడతారు. ఒక రోజు ఇద్దరు ఎక్కువ ఎక్కుతారు, ఏమీ కాదు. ఆ ఇద్దరూ రేపటికి లెక్కలోకి వచ్చేస్తారు. తర్వాత రెండు బైకులు. లైఫ్ జాకెట్లు తడిసి కంపు కొడుతున్నాయని మూట కట్టి మూల పెడతారు. ఏ రోజూ ఎవరూ పెద్ద తప్పు చేయలేదు. ఇటు డబ్బు నెడుతుంది, అటు శ్రమ నెడుతుంది, మనం కొద్దికొద్దిగా అంచుకి జరుగుతాం. ఆ అంచు నీళ్లలో ఉంది, కళ్లకి కనిపించదు.

1986లో అమెరికా వ్యోమనౌక చాలెంజర్ పేలి ఏడుగురు పోయింది కూడా ఇలాగే. రాకెట్ కీళ్లలో రబ్బరు రింగులు అంతకుముందు ప్రయాణాల్లోనే కాలిన గుర్తులతో తిరిగొచ్చాయి. ప్రతిసారీ క్షేమంగా దిగింది కాబట్టి ఆ కాలడం మామూలే అనుకున్నారు. ఆ రోజు చలి ఎక్కువగా ఉంది, రబ్బరు బిగుసుకుపోయింది.

రొయ్యల చెరువులో ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే మిషను) దగ్గర షాక్ కొట్టి కుర్రాడు పోతే అది వాడి అజాగ్రత్త కాదా?

ఇది భీమవరం చుట్టుపక్కల ప్రతి మీటింగులోనూ వచ్చే ప్రశ్న, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రాత్రి ఎండ ఉండదు, నీళ్లలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకి పోతుంది. అప్పుడు ఏరియేటర్ ఆగితే రొయ్య తేలిపోతుంది. ఆ చెరువులో ఉన్నది లక్షల రూపాయల పంట, అందులో సగం మేత షాపు అప్పు. మూడింటికి ఒక మోటారు ఆగింది. చెరువు మీద ఉన్న కుర్రాడు ఒక్కడే. నిద్ర లేదు, చేతులు తడి, కాళ్ల కింద బురద. స్టార్టర్ బోర్డు దగ్గర మెయిన్ ఆపితే మిగతా ఏరియేటర్లన్నీ ఆగిపోతాయి. అందుకని ఆపకుండానే దిగుతాడు.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. మెయిన్ ఒక్కటే పెట్టి, ప్రతి మోటారుకి విడి స్విచ్ పెట్టనిది ఎవరు? ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు కాపర్ వైరు చుట్టింది ఎవరు? 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు కట్ చేసే బ్రేకరు ఉంటే చాలా ప్రాణాలు దక్కేవి. అది పెట్టి చూశారు కూడా. పాత కేబుల్ జాయింట్ల వల్ల రోజుకి నాలుగుసార్లు ట్రిప్ అవుతుంటే విసుగొచ్చి బైపాస్ చేశారు. లీకేజీ ఉందని చెబుతున్న పరికరాన్నే పీకేశారన్నమాట. ఎర్తింగు గుంత వేసిన రోజు తర్వాత ఎవరూ కొలవలేదు. రాత్రికి ఇద్దరిని పెడితే జీతం రెండింతలు.

"జాగ్రత్తగా ఉండరా" అని వాడికి చెప్పడం తేలిక. మోటారుకో స్విచ్, కేబుల్‌ని నీళ్లలో కాకుండా కర్రల మీదుగా లాగడం, జాయింట్లు లేని వైరు, బ్రేకరు, చేతిలో టార్చి, ఒక మోటారు అదనంగా సిద్ధంగా ఉండటం. ఇవి ఉంటే వాడు నిద్రమత్తులో ఉన్నా బతుకుతాడు.

హెల్మెట్లు, గ్లౌజులు, బెల్టులు కొనిస్తే సరిపోదా?

కొనండి, కానీ వరసలో అది చివరిది. ముందు ప్రమాదాన్నే తీసేయగలమా, లేకపోతే మనిషికి దూరంగా పెట్టగలమా అని చూడాలి. కొబ్బరి దింపు కార్మికుడికి చెట్టుకింత అని కూలి. బెల్టు కట్టుకుని విప్పుకునే టైములో ఇంకో చెట్టు ఎక్కొచ్చు. బెల్టు ఎందుకు గోడకి వేలాడుతోందో అర్థమవ్వాలంటే కూలి లెక్క చూడాలి. పొట్టి రకాలు వేయడం, కింద నుంచి గెడకర్రతో కోయడం, వానలో పాకుడు పట్టిన చెట్టుకి దింపు వాయిదా వేసినా ఆ రోజు కూలి పోకుండా మాట్లాడుకోవడం, ఇవి బెల్టు కంటే ముందు.

వరద హెచ్చరిక ఇచ్చినా గోదావరి లంకల్లో జనం కదలరు. వాళ్ల మొండితనానికి ఏ సిస్టమ్ ఏం చేస్తుంది?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలం నీటిమట్టం చూసి దిగువకి ఎంత వస్తుందో ముందే అంచనా వేస్తారు. ఇంత మంచి ఏర్పాటు చాలా నదులకి లేదు. కబురు లంక దాకా చేరుతోంది కూడా.

చేరాక ఏమవుతుంది? గేదెల్ని ఎక్కడ కట్టాలి, వాటికి గడ్డి ఎవరిస్తారు, కోళ్లేం కావాలి, ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మని పడవ ఎక్కించేది ఎవరు? పునరావాస కేంద్రంలో మనుషులకి పులిహోర పొట్లం ఉంటుంది, పాడి గేదెకి చోటుండదు. పాలమ్మి బతికే ఇల్లు గేదెని వదిలి రాదు, అది మొండితనం కాదు.

అమెరికాలోని ఎం.ఐ.టి. యూనివర్సిటీ ప్రొఫెసర్ నాన్సీ లెవెసన్ భద్రతని అదుపు సమస్యగా చూడమంటుంది. ఆజ్ఞ కిందకి వెళితే చాలదు, అది ఎందుకు అమలు కాలేదో సమాచారం తిరిగి పైకి రావాలి. "కదలలేదు" అని రిపోర్టులో రాస్తే ఆ సమాచారం అక్కడే చచ్చిపోయింది. "గేదెల కోసం కదలలేదు" అని రాస్తే వచ్చే ఏడు ఏటిగట్టు మీద పశువుల షెడ్డు వేయొచ్చు.

## ప్రమాదం జరిగిన రోజు

కారు కాలువలో పడితే లోపలున్నవాళ్లు ఏం చేయాలి?

ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. బెల్టు విప్పండి, వెంటనే కిటికీ అద్దం దించండి, పిల్లల్ని ముందు బయటికి పంపి మీరూ కిటికీలోంచి రండి. మొదటి నిమిషం చాలా విలువైనది. నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. అద్దం దిగకపోతే పక్క అద్దం మూలన గట్టి మొనతో కొట్టండి, ముందు అద్దం పగలదు.

అమెరికాలో రోడ్డు భద్రతా సంస్థకి మొదటి అధిపతిగా పనిచేసిన విలియం హాడన్ అనే డాక్టరు ప్రమాదాన్ని మూడు భాగాలు చేసి ఆలోచించమన్నాడు: ముందు, జరుగుతున్నప్పుడు, తర్వాత. కాలువ గట్టు రోడ్డుకి రెయిలింగు, అంచున మెరిసే స్తంభాలు ముందు దశ. కారులో అద్దం పగలగొట్టే చిన్న సుత్తి రెండో దశ. దగ్గర్లో తాడు, ఈత వచ్చిన కుర్రాళ్ల ఫోన్ నంబర్లు మూడో దశ. డ్రైవరు మారకపోయినా వీటిలో ఏ ఒక్కటైనా ప్రాణం కాపాడగలదు.

దెబ్బ తగిలినవాడిని ఆస్పత్రికి తీసుకెళ్తే మనమే కేసులో ఇరుక్కుంటామేమో?

2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇచ్చింది. మంచి ఉద్దేశంతో సాయం చేస్తే సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 108కి ఫోన్ చేయండి. మెడ, నడుము దెబ్బ అనిపిస్తే మంటో నీళ్లో ముంచుకొస్తే తప్ప కదపొద్దు.

ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై ఒకడు లోపల పడిపోయాడు. లోపలికి వెళ్లి తీసుకురావచ్చా?

శ్వాస పరికరం లేకుండా వెళ్లొద్దు. కాపాడటానికి వెళ్లినవాళ్లు కూడా అక్కడే పడిపోవడం ఇలాంటి ప్రమాదాల్లో మామూలు. గాలికి అడ్డంగానో, గాలి వస్తున్న వైపుకో జరగండి, తడి గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకోండి, ఫైర్ వాళ్లని పిలవండి. ఆ పరికరం ఆఫీసు బీరువాలో తాళం వేసి ఉందా, తలుపు బయట ఉందా అన్నది మాత్రం ఇవాళే చూసుకోండి.

## విచారణ దశలో

విచారణలో ఏం అడగాలి? "ఎందుకు చేశావు" అంటే ఎవరూ నోరు విప్పరు.

విప్పరు, ఎందుకంటే అది ప్రశ్నలా ఉండదు. "ఆ టైములో నీకేం కనిపిస్తోంది? రోజూ ఎలా చేస్తారు? ఇవాళ ఏం తేడా?" అని అడగండి.

నా మొదటి రోజుల్లో ఒక మిల్లులో ఎలివేటర్ బెల్టులో కార్మికుడి చెయ్యి పడింది. నేను "కార్మికుని నిర్లక్ష్యం" అని రాసి సంతకం పెట్టాను. ఏడు నెలలకి అదే బెల్టులో ఇంకొకరి వేళ్లు పోయాయి. అప్పుడు వెళ్లి రోజంతా కూర్చుని చూశాను. బెల్టు పక్కకి జారినప్పుడల్లా గార్డుకున్న ఎనిమిది బోల్టులు విప్పాలి. షిఫ్టులో ఐదారుసార్లు జారుతోంది. గార్డు గోడకి ఆనించి ఉంది, దాని మీద దుమ్ము అంగుళం మందాన ఉంది. మొదటిసారి కూడా అది అక్కడే ఉండి ఉంటుంది, నేను చూడలేదు. బెల్టు జారకుండా పుల్లీ సరిచేసి, గార్డుకి బోల్టుల బదులు బందులు పెట్టించాం.

కోనసీమలో నగరం అనే ఊళ్లో జరిగిన గ్యాస్ పైప్‌లైన్ ప్రమాదానికి టీ పొయ్యి వెలిగించడమే కారణం అంటారు. నిజమేనా?

2014 జూన్ 27 తెల్లవారుజామున జరిగిందది. 20 మందికి పైగా పోయారు. పొయ్యి మాట అప్పట్లో అందరూ చెప్పుకున్నదే. పొయ్యి కాకపోతే బీడీ, అది కాకపోతే స్విచ్చో స్కూటరో. కొబ్బరితోటల మధ్య ఊరి మీద గ్యాసు మేఘంలా కమ్ముకున్నాక నిప్పురవ్వ దొరకకుండా ఉంటుందా? తెల్లవారితే పొయ్యి వెలిగించడం ఊరి ధర్మం. అడగాల్సింది గ్యాసు బయటికి ఎలా వచ్చిందని. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాసు వెళ్లింది, ఆ నీటికి లోపల తుప్పు పట్టింది.

పుష్కరాల్లో తొక్కిసలాటకి జనం ఓపిక లేకపోవడమే కదా కారణం?

2015 జూలై 14న, పుష్కరాల తొలి రోజున రాజమండ్రిలో ఒకే ఘాట్ దగ్గర 25 మందికి పైగా చనిపోయారు. చదరపు మీటరులో ఆరేడుగురు చేరాక గుంపు నీళ్లలా కదులుతుంది, అందులో ఎవరి కాళ్లు వాళ్ల అదుపులో ఉండవు. వెనకున్నవాడికి ముందు పడిపోయినవాళ్లు కనిపించరు, గేటు తెరుచుకుందన్న సంగతి మాత్రమే వినిపిస్తుంది. ఓపిక గురించి ప్రవచనం చెప్పే బదులు ఎన్ని దారులు, ఎక్కడ ఆపుతారు, లోపల ఎంతమంది ఉన్నారో ఎవరు లెక్కపెడుతున్నారు అని చూడాలి. 2027లో మళ్లీ పుష్కరాలున్నాయి.

## ఆ తర్వాత

రోడ్డు వెడల్పు చేశారు, నున్నగా వేశారు. ప్రమాదాలు తగ్గలేదేం?

గుంతలు పోయాయి, స్పీడు పెరిగింది. స్పీడు రెండింతలైతే గుద్దే శక్తి నాలుగింతలవుతుంది. 1997లో స్వీడన్ పార్లమెంటు ఒక సంగతి ఒప్పుకుంది: మనుషులు పొరపాట్లు చేస్తూనే ఉంటారు, ఆ పొరపాటుకి ప్రాణం పోకుండా రోడ్డుని కట్టాలి. ఊరి మధ్య రోడ్డు వెడల్పయితే స్పీడు తగ్గించే ఏర్పాటు కూడా అదే టెండరులో ఉండాలి.

మా రిజిస్టరులో ఏడాదిగా ఒక్క ప్రమాదమూ లేదు. బాగున్నట్టే కదా?

ఏడాదిగా ఒక్కరి కాలూ జారలేదంటే నేను నమ్మను. "ప్రమాదం లేని నెల"కి బహుమతి పెట్టారేమో చూడండి. తృటిలో తప్పినవి రాసే పుస్తకం ఒకటి పెట్టి, రాసినవాడిని ఎవరూ ఏమీ అనకుండా చూడండి. మొదటి రెండు నెలల్లో అంకె పెరుగుతుంది. కంగారు పడకండి.

మా పంచాయతీలో ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఒక్క సమస్య తీసుకోండి. సార్వా (ఖరీఫ్) కోతలకి నెల ముందు ధాన్యం రోడ్డు గురించి కూర్చోండి. రైతులు, మిషను ఓనరు, మిల్లు గుమాస్తా, సంచులు పంపే సిబ్బంది, స్కూలు బస్సు డ్రైవరు, కరెంటు లైన్‌మన్ అందరూ ఉండాలి. నేల మీద సుద్దతో రోడ్డు గీసి, ధాన్యం ఏ గంటకి ఎక్కడుంటుందో అడగండి.

నేను వెళ్లిన ఒక ఊళ్లో ఇలా కూర్చుంటే తేలిందేమిటంటే, సంచుల బండి సాయంత్రం ఏడింటికి వస్తోంది. చీకట్లో ఎవరూ ఎత్తరు కాబట్టి ఆరిన ధాన్యం కూడా రాత్రంతా రోడ్డు మీదే ఉంటోంది. బండి మధ్యాహ్నం రెండింటికి వచ్చేలా మార్చారు. రాళ్ల బదులు ఇసుక సంచులు పెట్టారు. రైతులు ఒప్పుకోని సంగతులూ ఉన్నాయి, మలుపు దగ్గర పోయడం ఇంకా మానలేదు. దాని కోసం జనవరిలో మళ్లీ కూర్చుంటున్నాం.